మదరాసు ఐస్ హౌస్: ఒక గుండ్రని మేడ, నలుగురి కథ

చెన్నైలో మెరీనా తీరం వెంబడి ప్రెసిడెన్సీ కాలేజీ దాటి దక్షిణంగా నడుస్తూ వెళ్తే, కుడిచేతి వైపు, చుట్టుపక్కల ఉన్న ఏ కట్టడంతోనూ పోలిక లేని ఒక గుండ్రని మేడ కనిపిస్తుంది. ప్రభుత్వ కాగితాల్లో దాని పేరు వివేకానందర్ ఇల్లం. ఆటో డ్రైవర్లకు, బస్సు కండక్టర్లకు, ఆ పేటలో పుట్టి పెరిగిన వాళ్ళకు మాత్రం అది ఇప్పటికీ ఐస్ హౌసే. అక్కడి పోలీసు స్టేషను కూడా ఆ పేరుతోనే ఉంది. చదువుకునే రోజుల్లో నేను ట్రిప్లికేన్‌లోని ఒక మేన్షన్‌లో (గదులు అద్దెకిచ్చే లాడ్జిలో) గది తీసుకుని ఉండేవాణ్ణి. సాయంత్రం సముద్రపు గాలి కోసం బయలుదేరిన వాళ్ళమంతా ఆ మేడ ముందు నుంచే వెళ్ళేవాళ్ళం. అది స్వామి వివేకానంద బస చేసిన ఇల్లని అందరికీ తెలుసు. అది ఆయన కోసమే కాదు, అసలు ఏ మనిషీ నివసించడానికి కట్టినది కాదని చాలా కొద్దిమందికే తెలుసు.

1842లో ఆ మేడను కట్టింది మంచుగడ్డల కోసం. అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల చెరువుల్లో చలికాలం పేరుకున్న మంచును రంపాలతో కోసి, ఓడల్లో నింపి, నాలుగు నెలలు సముద్రం మీద నడిపించి మదరాసుకు తెచ్చేవారు. అలా తెచ్చిన సరుకు ఎండకు కరిగిపోకుండా దాచడానికి టూడర్ ఐస్ కంపెనీ ఈ గిడ్డంగిని కట్టించింది. ఆ తరవాత అది ఒక న్యాయవాది నివాసమైంది, ఒక సన్యాసి మఠమైంది, బాల వితంతువుల ఆశ్రమమైంది. ఈ నాలుగు కథల్లో ఒకటి మాత్రమే జనం నోట నిలిచింది. మిగతా మూడూ దానికి ఏ విధంగానూ తీసిపోవని నా అభిప్రాయం.

అమెరికా మంచు రాక ముందు మన దేశంలో చల్లదనం ఎవరికీ తెలియదని అనుకోకూడదు. అక్బరు కాలంలో పెట్లుప్పు కలిపిన నీటిలో పాత్రను తిప్పి తాగే నీటిని చల్లబరిచేవారనీ, లాహోరులో ఉన్నప్పుడు హిమాలయాల నుంచి మంచు తెప్పించుకునేవారనీ ఆయన ఆస్థాన చరిత్రకారుడు అబుల్ ఫజల్ రాసిపెట్టాడు. హుగ్లీ ప్రాంతంలో చలికాలపు రాత్రుల్లో వెడల్పాటి మట్టి మూకుళ్ళలో పలుచగా నీళ్ళు పోసి, ఆరుబయట గడ్డి మీద పరిచి, తెల్లవారేసరికి పైన కట్టిన పలుచని మంచు పొరను గీరి గోతుల్లో దాచేవారు. ఆకాశం నిర్మలంగా, గాలి పొడిగా ఉన్న రాత్రుల్లో మూకుడులోని నీరు తన వేడిని పైకి వదిలేసి చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ చల్లబడుతుంది కాబట్టి ఆ పద్ధతి సాధ్యమైంది. మదరాసుకు ఆ అదృష్టం లేదు. ఇక్కడ చలికాలమంటే ఈశాన్య రుతుపవనపు వానలు, సముద్రపు తేమ, వాటి వెంట వచ్చే ఉక్క. మట్టి కూజా, గుమ్మానికి వేలాడదీసి తడిపే వట్టివేళ్ళ తడిక, వీటిని మించిన చల్లదనం 1842 వరకు ఈ ఊళ్ళో లేదు.

ఈ వ్యాపారానికి మూలపురుషుడు ఫ్రెడరిక్ టూడర్. బోస్టన్‌లో 1783లో కలిగిన కుటుంబంలో పుట్టినవాడు. 1806లో తొలిసారి కరేబియన్ సముద్రంలోని మార్టినిక్ దీవికి ఓడలో మంచు పంపినప్పుడు ఊరంతా నవ్వింది. అక్కడ దాచడానికి గిడ్డంగి లేకపోవడంతో సరుకు కరిగిపోయి నష్టం కూడా వచ్చింది. అప్పులపాలై జైలుకు వెళ్ళి వచ్చినా ఆ పని వదల్లేదు. అతని మొండితనం కంటే నాకు అతని లెక్క గొప్పగా అనిపిస్తుంది. దక్షిణ దిక్కుకు వెళ్ళే బోస్టన్ ఓడలకు తీసుకువెళ్ళడానికి తగినంత సరుకు ఉండేది కాదు. ఓడ ఒరిగిపోకుండా నిలవడానికి అడుగున రాళ్ళు నింపుకొని వెళ్ళేవి. ఆ రాళ్ళ స్థానంలో మంచు పెడితే రవాణా ఖర్చు నామమాత్రమవుతుంది. చెరువులో మంచు ఎవరి సొత్తూ కాదు. దాన్ని కరగకుండా కాపాడే రంపపు పొట్టు న్యూ ఇంగ్లాండు కోతమిల్లుల దగ్గర కుప్పలుగా వృథాగా పడి ఉండేది. ఎవరికీ అక్కరలేని మూడింటిని ఒకచోట చేర్చి సరుకుగా మార్చడం అతని తెలివి.

మంచు కోత మన వరికోత లాగే కొన్ని వారాల్లో ముగించాల్సిన పని. చెరువు మీద గడ్డ తగినంత మందంగా పేరుకోగానే ముందు పైనున్న మెత్తని మంచును గుర్రాలు లాగే పలకలతో తోసి శుభ్రం చేసేవారు. 1825లో నతానియల్ వైయత్ అనే అతను గుర్రం లాగే కోతనాగలి తయారు చేశాడు. దానికి రెండు సమాంతరమైన పళ్ళ వరుసలుండేవి. ఒకటి ముందు గీసిన గాడిలో నడుస్తుంటే రెండోది దాని పక్కనే సరిగ్గా అంతే దూరంలో కొత్త గాడి గీసేది. అడ్డంగా, నిలువుగా గీసిన తరవాత చెరువంతా చదరంగపు పలకలా తయారయ్యేది. ఆ గాళ్ళ వెంట రంపంతో కోసి, గునపంతో విడదీసి, దిమ్మలను నీటికాలువలో తేలుస్తూ ఒడ్డుకు తెచ్చేవారు. దిమ్మలన్నీ ఒకే కొలతలో ఉండటం అందం కోసం కాదు. సందు లేకుండా పేరిస్తే అవి ఒకదానికొకటి అతుక్కుని ఒకే బండగా మారతాయి, గాలి చొరబడదు. చేత్తో వంకరటింకరగా కోసిన కాలంలో ఆ సందుల వల్ల నష్టం ఎక్కువగా ఉండేది.

ఇంత దూరం మంచు ఎలా నిలిచిందన్నది నాకు ఎప్పటికీ తీరని ఆశ్చర్యం, అయినా దాని వెనుక ఉన్నది సాదా భౌతికశాస్త్రమే. కిలో మంచు కరగడానికి పట్టే వేడితో కిలో నీటిని సున్నా డిగ్రీల నుంచి 80 డిగ్రీల దాకా కాచవచ్చు. అంటే మంచు కరగడానికి చాలా వేడి మింగుతుంది. పైగా గడ్డ పెద్దదయ్యే కొద్దీ బయటి గాలికి తగిలే భాగం లోపలి పరిమాణంతో పోలిస్తే తగ్గిపోతుంది. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపయితే పరిమాణం ఎనిమిది రెట్లవుతుంది, పైతలం నాలుగు రెట్లే అవుతుంది. అందుకే గ్లాసులో వేసిన ముక్క నిమిషాల్లో మాయమవుతుంది, 100 టన్నుల కుప్ప నెలల తరబడి నిలుస్తుంది. ఇందుకు చక్కని సాక్ష్యం బోస్టన్‌కు చేరువలోని వాల్డెన్ చెరువు దగ్గర ఉంది. 1846–47 చలికాలంలో మంచు వ్యాపారులు పంపిన కూలీలు అక్కడ కోత కోసినప్పుడు ఆ గట్టునే ఒక చెక్క ఇంట్లో అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో ఉంటున్నాడు. మదరాసు, బొంబాయి, కలకత్తా జనం తన బావి నీళ్ళు తాగబోతున్నారని ఆయన రాసుకున్నాడు. తీరా ఆ కోతలో గట్టున పేర్చిన పెద్ద కుప్పలో ఎక్కువ భాగం బజారుకు చేరనే లేదు. ఎండుగడ్డి, పలకలు కప్పిన ఆ కుప్పను మరుసటి జులైలో విప్పి కొంత పట్టుకుపోయారు. మిగిలింది కప్పు లేకుండా ఎండలో పడి ఉండి కూడా పూర్తిగా కరగడానికి 1848 సెప్టెంబరు దాకా పట్టింది.

భారతదేశానికి మొదటి సరుకు 1833లో వచ్చింది. ఆ మే నెలలో టస్కనీ అనే ఓడ 180 టన్నుల మంచుతో బోస్టన్ నుంచి బయలుదేరి, భూమధ్యరేఖను రెండుసార్లు దాటి, ఆఫ్రికా కొసను చుట్టి, సెప్టెంబరులో కలకత్తా చేరింది. దాదాపు 100 టన్నులు మిగిలే ఉన్నాయి. ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వం సుంకం మాఫీ చేసింది, ఎండ తగలకుండా రాత్రిపూట దించుకోవడానికి అనుమతించింది. సరుకు వెంట వచ్చిన విలియం రోజర్స్‌కు గవర్నర్ జనరల్ విలియం బెంటింక్ వెండి పాత్ర బహూకరించాడు. ఆ ఓడలో మంచు నడుమ బోస్టన్ ఆపిల్ పండ్లు కూడా వచ్చాయి. తరవాత కాలంలో ఇలాంటి ఓడల్లో వెన్న కూడా రావడం మొదలైంది. పాడి పుష్కలంగా ఉన్న దేశానికి భూగోళం అవతలి నుంచి వెన్న తెచ్చి అమ్మగలిగారంటే, ఆ మంచు ఎవరి భోజనాల బల్లల కోసం వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు. తెల్లదొరల సారా గ్లాసులు, విందులు, జ్వరం వచ్చిన వాళ్ళ నుదుటి మీద పెట్టే గుడ్డలు, వీటికే అది పరిమితం. ట్రిప్లికేన్‌లో సామాన్య సంసారి అప్పుడు దాన్ని కంటితో చూసి ఉంటే గొప్ప.

కలకత్తా, బొంబాయి, మదరాసు మూడు చోట్లా మంచు గిడ్డంగులు వెలిశాయి. మొదటి రెండింటినీ తరవాత కూల్చేశారు. మదరాసుది ఒక్కటే మిగిలింది.

దీన్ని సముద్రపు ఒడ్డున కట్టడానికి బలమైన కారణముంది. అప్పటికి మదరాసుకు ఓడరేవు లేదు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి ఆగిపోయేవి. మనుషులైనా సరుకైనా అక్కడి నుంచి మసూలా పడవల్లో ఒడ్డుకు రావాల్సిందే. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టిన ఆ పడవ అల తాకిడికి విరిగిపోకుండా వంగేది. మేకులు కొట్టిన గట్టి పడవలు ఆ అలల్లో పగిలిపోయేవి. ఎగిరిపడే కెరటాల మీద నుంచి మంచు దిమ్మలను దించి, ఇసుకలో నెత్తిన మోసుకుంటూ వచ్చిన పల్లెకారుల, కూలీల పేర్లు ఏ చరిత్రలోనూ నమోదు కాలేదు. నెలల తరబడి ఓడలో భద్రంగా వచ్చిన సరుకు అన్నిటికంటే వేగంగా కరిగేది ఆ చివరి మైలులోనే. ఆ దూరం ఒక్క గజం తగ్గినా లాభమే కాబట్టి గిడ్డంగి నీటి పక్కనే ఉండాలి. గుండ్రటి ఆకారానికి కూడా ఇలాంటి లెక్కే కారణమని నేను అనుకుంటాను. అంతే స్థలాన్ని చుట్టడానికి చతురస్రం కంటే వృత్తానికి తక్కువ గోడ చాలు, గోడ తగ్గితే లోపలికి వచ్చే వేడీ తగ్గుతుంది.

ఈనాడు ఆ మేడ ముందు నిలబడితే ఈ మాట నమ్మడం కష్టం. ఎదురుగా పెద్ద రోడ్డు, దాని అవతల తోటలు, ఆ అవతల విశాలమైన ఇసుక మైదానం దాటితే గాని నీళ్ళు కనిపించవు. కదిలింది మేడ కాదు, సముద్రమే. 1876 తరవాత ఉత్తరాన ఓడరేవు కోసం రాతిగోడలు కట్టారు. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి మోస్తూ ఉంటాయి. ఆ ఇసుకకు గోడలు అడ్డు పడటంతో దక్షిణపు పక్క మేట వేసి, ఏటికేడు తీరం తూర్పుకు జరిగింది. ఉత్తరాన రాయపురం వైపు ఇసుక అందక సముద్రం ఊరిని కోసుకుంటూ పోయింది. 1884 ప్రాంతంలో గవర్నర్ గ్రాంట్ డఫ్ ఆ తీరం వెంట షికారు బాట వేయించి మెరీనా అని పేరు పెట్టాడు. మనం ప్రపంచంలోని పొడవైన బీచుల్లో ఒకటిగా చెప్పుకుని మురిసిపోయే ఆ ఇసుక వెడల్పులో చాలా భాగం మనిషి కట్టిన గోడ వల్ల ఏర్పడింది. ఆ మార్పును కొలవడానికి ఐస్ హౌస్ కంటే మంచి గీటురాయి ఇంకొకటి లేదు.

మంచు వ్యాపారం ముప్పై ఏళ్ళకు పైగా సాగి, యంత్రం రాగానే కూలిపోయింది. వాయువును యంత్రంతో అదిమి ద్రవంగా మార్చి, మళ్ళీ దాన్ని వ్యాకోచించనిస్తే చుట్టూ ఉన్న వేడిని పీల్చుకుంటుందన్న సూత్రం మీద యూరపులో, ఆస్ట్రేలియాలో ఐసు యంత్రాలు తయారయ్యాయి. 1874లో మదరాసులోనే ఇంటర్నేషనల్ ఐస్ కంపెనీ మొదలైంది. సముద్రం దాటి వచ్చే మంచు దానితో పోటీ పడలేకపోయింది. ఆ తరవాతి కథ తెలుగువాళ్ళకు బాగా పరిచయమైనదే. అమ్మోనియా యంత్రం, ఉప్పునీటి తొట్టి, అందులో వరుసగా ముంచిన డబ్బాలు, వాటి నుంచి జారి పడే ఐసు దిమ్మలు కాకినాడ, విశాఖ, నిజాంపట్నం చేపల రేవుల్లోనూ పాలు చల్లబరిచే కేంద్రాల దగ్గరా బతుకుతెరువులో భాగమైపోయాయి. బోస్టన్ మంచు దొరల విందుకు వచ్చింది. యంత్రపు ఐసు బెస్తవాడి వేటను, పాడిరైతు పాలను నిలబెట్టింది. నా దృష్టిలో ఆ యంత్రమే అసలైన విప్లవం.

పనిలేక మిగిలిన గిడ్డంగిని మదరాసు హైకోర్టు న్యాయవాది బిలిగిరి అయ్యంగారు కొన్నారు. మంచును దాచడానికి కట్టినదానిలో మనుషులు ఉండాలంటే గాలీ వెలుతురూ కావాలి కదా. ఆయన కిటికీలు పెట్టించి, చుట్టూ గుండ్రటి వసారాలు వేయించి, తన స్నేహితుడైన హైకోర్టు న్యాయమూర్తి కెర్నన్ పేరు మీద దానికి కాజిల్ కెర్నన్ అని పేరు పెట్టారు. ఇంట్లో కొంత భాగంలో కుటుంబంతో ఉంటూ మిగతాది పేద విద్యార్థులకు వదిలిపెట్టారు. ఇప్పుడు మనకు కనిపించే రూపం చాలా వరకు ఆయన చేయించిన మార్పుల ఫలితమే. టూడర్ కట్టించిన గోడ వాటి వెనుక ఉంది.

1897 ఫిబ్రవరి 6న వివేకానందులు ఎగ్మూరు స్టేషనులో రైలు దిగారు. చికాగో సభల తరవాత స్వదేశానికి తిరిగి వస్తున్న ఆయనను చూడటానికి వచ్చిన జనం గుర్రాలను విప్పేసి బండిని తామే లాగుకుంటూ కాజిల్ కెర్నన్‌కు తీసుకువెళ్ళారు. 14వ తేదీ దాకా ఆయన అక్కడే ఉన్నారు. విక్టోరియా హాలులో సన్మానపత్రం అందుకున్న రోజున బయట నిలిచిపోయిన జనాన్ని ఊరడించడానికి బండి మీద నిలబడి మాట్లాడవలసి వచ్చింది. భారతదేశ భవిష్యత్తు గురించి చేసిన ప్రసంగంతో సహా ఆయన ప్రసిద్ధ ఉపన్యాసాలు కొన్ని ఆ తొమ్మిది రోజుల్లో ఇచ్చినవే. అంతకు నాలుగేళ్ళ ముందు, 1893 ఫిబ్రవరిలో, సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో ఆయన మాట్లాడినప్పుడు ఇంకా ఎవరికీ పెద్దగా తెలియని సన్యాసి. ఆ సభకూ ఈ జనసంద్రానికీ మధ్య ఉన్న తేడా తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆయన బస చేసిన గది ఇప్పుడు ధ్యానమందిరం.

అయితే ఆ మేడకు ఎక్కువ కాలం సేవ చేసింది ఆయన తరవాత వచ్చిన స్వామి రామకృష్ణానంద. ఇక్కడ ఒక మఠం కావాలని మదరాసు మిత్రులు అడిగితే వివేకానందులు తన గురుసోదరుణ్ణి పంపారు. 1897లోనే వచ్చిన రామకృష్ణానంద కాజిల్ కెర్నన్ కింది భాగంలో పూజామందిరం ఏర్పాటు చేసుకుని, ఊళ్ళో చోటు చోటుకూ వెళ్ళి గీత, ఉపనిషత్తులు బోధించారు. దక్షిణాదిలో రామకృష్ణ మఠం ఇలా పాత ఐసు గిడ్డంగిలో మొదలైంది. 1902లో బిలిగిరి అయ్యంగారు కాలం చేశారు. 1906లో ఇల్లు వేలానికి వచ్చి ఒక జమీందారు చేతికి వెళ్ళింది. మఠం కొంతకాలం అదే ఆవరణలోని అవుట్‌హౌసులో తలదాచుకుని, 1907 నవంబరులో మైలాపూరులో సొంత గూటికి చేరింది.

ఆపైన కొన్నేళ్ళు మేడ ఆలనా పాలనా లేక పడి ఉంది. దానికి మళ్ళీ ప్రాణం పోసినవారు ఆర్.ఎస్. సుబ్బలక్ష్మి. అందరూ సిస్టర్ సుబ్బలక్ష్మి అని పిలిచేవారు. ఈ మేడ గురించి నేను రాయాలనుకున్నదే ప్రధానంగా ఆమె కోసం.

ఆమె 1886లో పుట్టారు. ఊహ తెలిసీ తెలియని వయసులో పెళ్ళయింది, కొద్ది కాలానికే భర్త పోయాడు. తండ్రి సుబ్రహ్మణ్య అయ్యరు కూతురి తల గొరిగించి మూల కూర్చోబెట్టడానికి ఒప్పుకోలేదు, బడికి పంపారు. 1911లో ఆమె ప్రెసిడెన్సీ కాలేజీ నుంచి పట్టా తీసుకున్నారు. మదరాసు రాజధానిలో పట్టభద్రురాలైన మొదటి హిందూ వితంతువు ఆమే. ఆ చదువుతో తాను సుఖంగా ఉద్యోగం చేసుకుని ఊరుకోలేదు. నలుగురు బాల వితంతువులను తండ్రి ఇంట్లోనే చేర్చుకుని, పినతల్లి తోడుతో చదువు చెప్పడం మొదలుపెట్టారు. పిల్లల సంఖ్య పెరిగేకొద్దీ అద్దె ఇళ్ళు చాలలేదు. బాలికల పాఠశాలల ఇన్‌స్పెక్టర్‌గా ఉన్న మిస్ లించ్ ప్రోత్సాహంతో ప్రభుత్వం సాయానికి వచ్చింది. అలా 1910ల చివరి సగంలో ఆ పిల్లలు ఐస్ హౌస్‌కు చేరారు.

ఆ కాలపు నీడలో ఈ మాట చదవాలి. వితంతు పునర్వివాహాన్ని 1856 చట్టం అనుమతించింది. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించి ఎన్ని కష్టాలు పడ్డారో తెలుగువాళ్ళకు చెప్పనక్కరలేదు. ఆ వివాహం జరిగి ముప్పై ఏళ్ళు దాటినా ఇళ్ళలో పరిస్థితి మారలేదు. పది పన్నెండేళ్ళ పిల్ల ఎదురొస్తే అపశకునమని వెనక్కి తిరిగే వీధులవి. సుబ్బలక్ష్మిగారు పెళ్ళి కంటే చదువును ముందు పెట్టారు. టీచరు ఉద్యోగం వస్తే ఆ పిల్ల అన్నగారి పంచన, వదినగారి వంటింట్లో బతుకు వెళ్ళదీయనక్కరలేదు, ఎవరి ముందూ చేయి చాచనక్కరలేదు. పైగా బడులకు ఆడ టీచర్లు కావాలి. ఒక కొరతతో ఇంకొక దుఃఖాన్ని తీర్చే ఈ ఆలోచన నాకు ఎంతో దార్శనికమైనదిగా కనిపిస్తుంది. ఆచారవంతుల కుటుంబాలు పిల్లలను పంపాలంటే ఆశ్రమంలో మడి, వంట, పూజ అన్నీ వాళ్ళ పద్ధతిలోనే నడవాలి. ఆమె నడిపించారు. అందువల్ల ఆ ఆశ్రమం బ్రాహ్మణ వితంతువులకే పరిమితమైందన్న విమర్శ ఉంది, అది న్యాయమైన విమర్శే. కాని మొదటి తలుపు తెరుచుకోవడానికి ఆమె ఎంచుకున్న దారి అది. తరవాత ఆమె మైలాపూరులో పెట్టిన విద్యాసంస్థలు, నడుకుప్పంలాంటి జాలరి పేటల్లో చేసిన పని చూస్తే ఆమె దృష్టి అక్కడితో ఆగలేదని తెలుస్తుంది.

ఇక ఆ మేడ వాళ్ళకు ఏమిచ్చిందో ఊహించడానికి ప్రయత్నిస్తాను. ఇరుకు వీధి లేదు. ఎదురింటి అరుగు మీద కూర్చుని వేలెత్తి చూపే పెద్దమనుషులు లేరు. బిలిగిరి అయ్యంగారు తెరిపించిన కిటికీల్లోంచి, గుండ్రని వసారాల్లోంచి కనిపించేది ఆకాశమూ సముద్రమూ. ఇంటి వెనక గదిలో చీకట్లో పెరగాల్సిన పిల్లలు ఆ వసారాల్లో పుస్తకాలు పట్టుకుని పాఠాలు చదువుకున్నారు. కాలేజీలకు వెళ్ళారు. బడుల్లో పంతులమ్మలై జీతాలు తెచ్చుకున్నారు. 1922లో పక్కనే లేడీ విల్లింగ్‌డన్ ఉపాధ్యాయ శిక్షణ కళాశాల మొదలైనప్పుడు సుబ్బలక్ష్మిగారే దాని ప్రిన్సిపాలయ్యారు. ఆ కాలేజీ ఈనాటికీ ఐస్ హౌస్‌ను ఆనుకునే ఉంది. ఆమెకు 1958లో పద్మశ్రీ వచ్చింది, 1969లో కన్నుమూశారు.

ఆశ్రమం తరవాత మేడ చాలాకాలం టీచర్ల శిక్షణ విద్యార్థినుల హాస్టలుగా ఉంది. 1963లో వివేకానందుల శతజయంతి సందర్భంగా ప్రభుత్వం దానికి వివేకానందర్ ఇల్లం అని పేరు పెట్టింది. 1997లో, ఆయన అక్కడ బస చేసి నూరేళ్ళు నిండిన ఏడాది, రామకృష్ణ మఠానికి లీజుకు ఇచ్చింది. శిథిలావస్థకు వచ్చిన కట్టడాన్ని మఠం బాగు చేయించి 1999 చివర్లో ప్రదర్శనశాల తెరిచింది. అంతకు తొంభై ఏళ్ళ ముందు వేలంలో పోయిన ఇంటికి మఠమే తిరిగి రావడం, వచ్చి దాన్ని శ్రద్ధగా నిలబెట్టడం ఎంతో సంతోషించవలసిన విషయం. కలకత్తా, బొంబాయి గిడ్డంగుల గతి దీనికి పట్టకపోవడానికి కారణం ఒక్కటే. ప్రతి తరంలోనూ ఎవరో ఒకరికి ఈ గుండ్రని గోడ లోపలి చోటు నిజంగా అవసరమైంది.

చెన్నైకి పనుల మీద వెళ్ళే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. మెరీనాకు వెళ్ళినప్పుడు ఒక గంట దీనికి కేటాయించండి. లోపలికి వెళ్ళే ముందు చుట్టూ ఒకసారి తిరిగి, గోడ వంపును, తరవాత అతికించిన వసారాలను విడివిడిగా గుర్తుపట్టడానికి ప్రయత్నించండి. ఆ మేడలో స్వామీజీ గడిపినవి తొమ్మిది రోజులు, రామకృష్ణానంద గడిపినవి తొమ్మిదేళ్ళకు పైగా, సుబ్బలక్ష్మిగారి పిల్లలు పెరిగినది ఆ పైన. తీరంలో కోరుకోవలసిన శిలాఫలకం ఒకటి మిగిలి ఉందంటే, అది ఆ మేడ గేటు దగ్గర, రోడ్డు మీద నడిచే వాళ్ళకు కనిపించేలా, సిస్టర్ సుబ్బలక్ష్మి పేరుతో, ఆ మేడలో చదువుకుని పంతులమ్మలైన బాల వితంతువుల ప్రస్తావనతో ఉండాలని నా కోరిక. తమిళంలో, ఇంగ్లీషులో, వీలైతే తెలుగులో కూడా.